పుంజా? పెట్టయా?



కోడిపిల్లను అరచేత నుంచుకొని, ఇది పుంజగునా పెట్టయగునా యని తలపోయని యిల్లాలు మన పల్లెలలో నుండదు. ప్రశ్న చిన్నదే. కాని గుడ్లమ్మి యుప్పుపప్పులు తెచ్చుకొను స్త్రీ చేతిరొక్కము దానిపై నాధారపడి యున్నది.

కొన్ని యేండ్ల క్రిందట మా తొర్రూరులో నొకడు గంపతో పిల్లలను తెచ్చి, "అన్నీ పెట్టలే అవ్వా, రెక్క చూసుకో" అని మా పెద్దమ్మకు ఇరువదింటి నమ్మెను. ఆమె రెక్కలు చూచి నావంక తిరిగెను. చదువుకొన్నవాడను గనుక నేను తలయూపితిని. గద్దకును పిల్లికిని పోగా మిగిలిన పదునొకండును మూడు నెలలు నిండునప్పటికి కూయసాగెను. ఆమె నన్నొక్కమాటయు ననలేదు. కూత వినబడినప్పుడెల్ల నావంక చూచెడిది, అంతే. ఆ చూపే నన్నీ విషయము విచారించునట్లు చేసినది.

కోడి జాతిని గుర్తించు విద్య మనదేశమున ప్రాచీనమే. దండి దశకుమారచరిత్రమున ప్రమతి యనువాడు పందెపు కోళ్లను చూచినంతనే ఒకటి నారికేళజాతి, ఒకటి బలాకాజాతి యని గుర్తించును. 13వ శతాబ్దిలో కేతన ఆ గ్రంథమును తెనిగించి తిక్కన కంకితమిచ్చెను. మన యోరుగంటి వీథుల వేడుకలను వర్ణించిన క్రీడాభిరామమునను కోడిపందెమున్నది. కాకి, డేగ, నెమలి యని వన్నెలనుబట్టి పుంజులకు పేరులు పెట్టిన కుక్కుటశాస్త్రమును మన పెద్దలెరుగుదురు.

అయితే ఈ విద్య యంతయు నెదిగిన పుంజును గూర్చినది. తామ్రచూడమనగా రాగివన్నె శిఖ గలది. చరణాయుధమనగా కాళ్లే యాయుధములుగా గలది. ఈ శిఖయు, ఈ కాలిముల్లును నిన్న పొదిగిన పిల్లకు లేవు. కనుకనే లోకమంతట జనులు పిల్లను విడిచి గుడ్డునడిగిరి. గ్రీసు దేశపు అరిస్టాటిల్ కోలగా మొనదేలిన గుడ్డున పెట్ట పుట్టునని వ్రాసెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోముదేశపు కృషిశాస్త్రజ్ఞుడు కొలుమెల్లా, అట్టి గుడ్డున పుంజు పుట్టుననెను. మా పెద్దమ్మయు కొలుమెల్లా పక్షమే. నిజమునకు ఇరువురును పొరబడిరి. మనుష్యులలో శిశువు ఆడో మగో నిర్ణయించు బీజము తండ్రిది, కోళ్లలో తల్లిది. పెంకు ఏర్పడుటకు మునుపే యది నిశ్చయమైపోవును. గుడ్డు ఆకారమునకు దానితో సంబంధము లేదు.

పిల్లయందే గుర్తును కనుగొన్నవారు జపానువారు. మసుయి, హషిమోటో మొదలగు పండితులు 1920 తరువాతి యేండ్లలో, ఒకదినపు పిల్ల మలద్వారమును మెల్లగా విప్పి, లోపలి సూక్ష్మమైన బొడిపెను బట్టి పుంజును పోల్చుట తెలిసికొనిరి. 1927లో కెనడాలోని ఒట్టావా నగరమున జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో దానిని వెల్లడించిరి. ఆ పని నేర్చిన జపానువారు పిమ్మట దేశదేశముల కేగి జీవించిరి. దీర్ఘకాల శిక్షణ లేనివారు దీనిని ప్రయత్నించినచో పిల్లకు ప్రాణాపాయము.

ఇంగ్లండున పన్నెట్ అను శాస్త్రజ్ఞుడు వేరొక త్రోవ తొక్కెను. వెండివన్నె పెట్టకు బంగారువన్నె పుంజును జతపరచినచో, మగపిల్లలు తల్లివలె తెల్లగను, ఆడుపిల్లలు తండ్రివలె నెఱ్ఱగను పుట్టును. తల్లి తన వన్నెబీజమును కొడుకులకే యిచ్చుట దీనికి కారణము. ఆ పిల్లలు పెరిగి పెట్టిన గుడ్లయందు మాత్రమీ గుర్తు నిలువదు. రెక్క గుర్తును ఇట్టిదే. రెక్క యీకలు త్వరగా వచ్చు పుంజును, ఆలస్యముగా వచ్చు పెట్టతో కావలెనని జతపరచినచోటనే యది పనిచేయును. కనుక ఆ గంపవాని మాట కల్లయు కాదు, మన పిల్లలకు వర్తించునదియు కాదు.

ఇక పదునొకండును పుంజులే యగుట యెట్లు? సహజముగా పొదిగిన పిల్లలలో సుమారు సగము పుంజులుండును. పదునొకటికి పదునొకటియు పుంజులగుట 2048 మారులలో నొకమారు జరుగవచ్చును. గుడ్లకొరకు కోళ్లను పెంచు పెద్ద పరిశ్రమలలో పెట్టపిల్లల నేరి పుంజులను త్రోసివేయుదురు. వానిని పుట్టిననాడే చంపుట లోకమున పరిపాటి యయ్యెను. కొన్ని గంపలకెక్కి ఊళ్లలో అమ్ముడుపోవును. మా యింటికి వచ్చినవి అట్టివే యని నా యూహ. జర్మనీ దేశము 2022లో ఆ వధను నిషేధించెను. గుడ్డులోనుండగనే పోల్చు యంత్రములు నేడు వచ్చినవి.

జాతి విషయమున నొక్కమాట. పెరటికోళ్లలో పిల్లవన్నె జాతిని చెప్పదు. ఒక్క పెట్ట క్రిందనే నాలుగు వన్నెలుండును. మెడపై బొచ్చులేని జాతిని మాత్రము పుట్టిననాడే పోల్చవచ్చును. 1988లో హైదరాబాదున నేర్పడిన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజా, గ్రామప్రియ యను కోళ్లను రూపొందించినది. అట్టివి కోరువారు గంపవాని మాటను గాక, పిల్ల యెచ్చటనుండి వచ్చినదో విచారింపవలెను.

ఆడుమగల విషయమున ఆరెనిమిది వారములు ఓపికపట్టుడు. పుంజుపిల్ల జుట్టు ముందుగా పెరిగి యెఱ్ఱబారును. మూడవ నెలకు దాని మెడమీదను వీపుమీదను మొనదేలిన యీకలు వచ్చును. పెట్టకు గుండ్రని యీకలే. అంతవరకును మన పెరట పుంజును పెట్టయు నొక్క గంప క్రిందనే పెరుగును. పుంజు పండుగకో అంగడికో పోవును, పెట్ట పొదుగును. దేనికి దాని పని యున్నది. మనకు గుర్తు ఆలస్యముగా తెలియుట వలన నొక మేలును కలిగినది: పుట్టిననాడే పనికిరాదనిపించుకొన్న పిల్ల మన యింట నెన్నడును లేదు.

పెద్దమ్మ ఆ పుంజులను చివరకు అంగడిలో మంచి వెలకే అమ్మెను. నేడును పిల్లను కొనునప్పుడు ఆమె నా సలహా యడుగదు.