ఉల్మ్ నుంచి ఆస్ట్రేలియాకు: మన తీరం వెంట పోయిన ఒక చిన్న పడవ



వలసల గురించి రాసినప్పుడల్లా మనం నేల దారినే చెప్పుకుంటూ వచ్చాం. విజయనగరం కాలం, నాయకుల సైన్యాలు, కరిసల్ భూములు, ఎడ్లబండ్లు. ఈసారి నీటి దారి సంగతి రాస్తున్నాం. అందులోనూ పరాయి దేశపు మనిషి కథ. అయితే ఆ మనిషి మన తీరం వెంట తెడ్డు వేసుకుంటూ పోయినవాడు, కాబట్టి ఈ కథలో మనకూ కొంచెం వాటా ఉంది.

పేరు ఆస్కార్ స్పెక్. 1907లో జర్మనీలో పుట్టాడు. కరెంటు పనుల కాంట్రాక్టరు. ఆర్థిక మాంద్యంలో వ్యాపారం మూతపడింది. సైప్రస్ దీవిలో రాగి గనుల్లో పని దొరుకుతుందని 1932 మే నెలలో ఉల్మ్ అనే ఊళ్ళో డాన్యూబ్ నదిలోకి పడవ దించాడు. రికార్డు చేయాలని కాదు, కూలి పని కోసం బయలుదేరాడు. పని వెతుక్కుంటూ ఊరు విడిచినవాళ్ళ వంశాలే కదా మనవి, ఆ మాట మనకు విడమరిచి చెప్పక్కరలేదు.

అతనిది కయాక్. కాళ్ళు చాపుకొని కూర్చుని, రెండు కొసలా రెక్క ఉన్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ. పొడవు 18 అడుగులు. కొయ్య చట్రం, దాని మీద రబ్బరు పూసిన గుడ్డ తొడుగు. విప్పి మడిస్తే సంచుల్లో పట్టేస్తుంది. జర్మనీలో ఈ మడత పడవలు అంతగా వ్యాపించడానికి ఒక కారణం రైలు. పట్నం జనం సెలవు రోజున సంచి భుజాన వేసుకుని రైలెక్కి, కొండ నది దగ్గర దిగి, పడవ బిగించుకుని, ప్రవాహంతో కిందికి వచ్చేవారు. లగేజి తూకం వేసి రసీదులు రాసిన మాకు ఈ సంగతి మహా ముచ్చటగా ఉంది. పడవను లగేజిగా బుక్ చేయమని మా కౌంటరుకు ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే ఏ రేటు వేయాలో ఆఫీసులో పెద్ద చర్చే జరిగేది.

ఇలాంటి పడవతో 1928లో ఫ్రాంజ్ రోమర్ అట్లాంటిక్ దాటాడు. దాటిన తర్వాత మళ్ళీ బయలుదేరి తుఫానులో కనిపించకుండా పోయాడు. 1956లో హానెస్ లిండెమన్ అనే వైద్యుడు కెనరీ దీవుల నుంచి 72 రోజుల్లో అదే సముద్రం దాటి బతికి బయటపడ్డాడు.

స్పెక్ సైప్రస్ చేరాడు గానీ గనిలోకి దిగలేదు. మనసు మారింది. సిరియాలో యూఫ్రటీస్ నది పట్టుకుని పర్షియా సింధుశాఖకు వచ్చాడు. అక్కడ మలేరియా పట్టుకుంది, ఒకసారి పడవే దొంగతనం అయింది. కరాచీ దగ్గర అప్పటి ఇండియా నీళ్ళలోకి వచ్చి, పడమటి తీరం అంతా దిగి, 1935లో సింహళం చేరాడు. అక్కడి నుంచి మళ్ళీ ఉత్తరానికి తిరిగి మద్రాసు మీదుగా కలకత్తా వైపు సాగాడు.

ఈ తూర్పు తీరం సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. మద్రాసు నుంచి కలకత్తాకు రైలు దారి సుమారు 1,660 కిలోమీటర్లు. ఆ రోజుల్లో వాల్తేరు దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అక్కడి నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే. రైలు ప్రయాణికుడికి కిటికీలో సముద్రం అప్పుడప్పుడే కనబడుతుంది. స్పెక్‌కు రోజూ అదే, పైగా నడుము ఎత్తులో. తెరచాప కట్టినా కునుకు తీయడానికి లేదు, చుక్కాని వదిలితే పడవ దారి తప్పుతుంది.

మన తీరంలో నడి సముద్రం కన్నా ఒడ్డు చేరడమే కష్టం. కెరటం ఒడ్డు దగ్గర లేచి విరుగుతుంది. హార్బరు కట్టక ముందు మద్రాసులో ఓడలు దూరంగా లంగరు వేసేవి, మనుషులనూ సరుకునూ మసూలా పడవల్లో ఒడ్డుకు తెచ్చేవారు. మసూలా పడవకు మేకు ఉండదు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. ఇసుకకు కొట్టుకున్నప్పుడు వంగి సర్దుకుంటుంది, పగలదు. తెప్ప ఇంకా సులువు. దుంగలు కట్టిందే కదా, నీళ్ళు సందుల్లోంచి పోతాయి, మునగడమంటూ ఉండదు. తమిళంలో కట్టుమరం అన్నది దీన్నే, ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు తీసుకుపోయి ఇప్పుడు జంట పడవలకు పెట్టుకున్నారు. జర్మన్ మడత పడవ కూడా వంగే జాతిదే. రెండు దేశాలవాళ్ళు ఒకరినొకరు చూడకుండా ఒకే ఉపాయం కనిపెట్టారని మాకు అనిపిస్తుంది.

రెండో సంగతి గాలి. నైరుతి గాలి ఉన్నంత కాలం ఉత్తరానికి పోయేవాడికి వీపున తోడు. ఐప్పసి, కార్తీక మాసాల్లో అది తిరగబడుతుంది, తుఫానులు కూడా అప్పుడే. తమిళ మీడియంలో చదివిన మాకు ఆ ఉత్తరపు చలిగాలి పేరు వాడై. ఇంట్లో అమ్మ వడగాలి అంటే మాత్రం ఎండాకాలపు వేడిగాలి. ఈ రెంటి మధ్య చిన్నప్పుడు మనలో ఎంతమంది తికమక పడ్డామో!

స్పెక్ కలకత్తా దాటి బర్మా, మలయా, జావా మీదుగా సాగాడు. ఒక దీవిలో జనం కట్టేసి కొట్టారు, కర్ణభేరి పగిలింది. చివరికి 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన సాయిబాయ్ దీవిలో దిగాడు. 7 ఏళ్ళకు పైగా, సుమారు 50,000 కిలోమీటర్లు. రైల్వే లెక్కలో మద్రాసు, కలకత్తా మధ్య 15 సార్లు పోయి వచ్చినంత. ఒడ్డున ఉన్న పోలీసులు ముందు అభినందించి, తర్వాత అరెస్టు చేశారు. అప్పటికి యుద్ధం మొదలైంది, జర్మనీవాడు శత్రువు. 1946 వరకు నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. బయటికి వచ్చి ఓపల్ రాళ్ళ గనుల్లో పనిచేశాడు. గని పని కోసం బయలుదేరినవాడు చివరికి గనిలోకే దిగాడు, దేశం మాత్రం వేరు.

ఇప్పటివాళ్ళు రోజులు లెక్కపెట్టి తెడ్డు వేస్తారు. పాల్ కాఫిన్ 1982లో ఆస్ట్రేలియా ఖండాన్ని 360 రోజుల్లో చుట్టివస్తే, 2009లో ఫ్రెయా హాఫ్‌మైస్టర్ అనే జర్మన్ మహిళ అంతకన్నా 28 రోజులు తక్కువలో చుట్టింది. గొప్ప పనే. అయినా స్పెక్ ప్రయాణాన్ని ఈ గడియారం లెక్కలోకి తేకూడదని మా అభిప్రాయం. అతనికి గడువు లేదు, పోటీ లేదు. అయినా అతని కథ మనకెలా తెలిసింది? ఉత్తరాలు రాశాడు, ఫొటోలు తీశాడు, ఫిల్ము తీశాడు. అవి సిడ్నీలో ఆస్ట్రేలియా జాతీయ సముద్ర మ్యూజియంలో ఉన్నాయి. గుమాస్తా పని చేసినవాళ్ళం, రిజిస్టరులో ఎక్కని పార్సెల్ గతి ఏమవుతుందో మాకు తెలుసు.

మనవాళ్ళ రిజిస్టరు ఎక్కడ? పూరీ పెంటకోటలో వేల కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. వాడబలిజవారు, జాలరులు, విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి పోయినవారు. ఒడియావారు నోలియా అంటారు. కోసు టోపీ పెట్టుకుని, స్నానానికి దిగిన యాత్రికులను కెరటం నుంచి లాగేవారు వారే. వాడ అంటే ఓడ, కులం పేరులోనే సముద్రం ఉంది. స్పెక్ కొన్ని నెలలు చూసిన ఈ కెరటాలను వారు తరతరాలుగా చేతి తెడ్డుతో దాటారు. మన సంఘం తయారు చేస్తున్న చరిత్ర పుస్తకంలో భూమి పట్టాలు, రాగి శాసనాలు ఉన్నవారి గురించి అధ్యాయాలు ఉన్నాయి, వీరి గురించి ఒక్క పేజీ లేదు. కాగితం చూపించలేదనే కారణంతో వదిలేయడం మాకు న్యాయంగా తోచడం లేదు. 2004 సునామీ తర్వాత ఫైబరు పడవలు, ఇంజన్లు బాగా పెరిగాయి. తెప్ప మీద పెరిగిన మనుషులకు ఇప్పుడు వయసు మీద పడింది.

పూరీ, గోపాలపురం, విశాఖ వైపు బంధుత్వం ఉన్న సభ్యులు వచ్చే సెలవుల్లో పెద్దవాళ్ళను అడగండి. తెప్పకు ఎన్ని దుంగలు, ఏ కొయ్య? తెడ్డు మీద ఎంత దూరం పోయేవారు? ఏ గాలిని ఏ పేరుతో పిలిచేవారు? రాత్రి ఏ చుక్కను చూసి ఒడ్డుకు తిరిగేవారు? పేరు, ఊరు, చెప్పిన తేదీ వేసి పంపండి. తెలుగు లిపి రాకపోతే తమిళంలో గానీ ఒడియాలో గానీ రాసినా సరే, ఫోనులో మాటగా పంపినా సరే. తెలుగులోకి ఎక్కించే పని మేము చూసుకుంటాం.