జానపద కథలలో ధీరనాయికలు

ఆపద వచ్చినప్పుడు కార్యభారమును తానే వహించి, బుద్ధిచేతనో భుజబలముచేతనో కథను గట్టెక్కించు స్త్రీపాత్రలు తెలుగువారి అద్భుత కథలందును వీరగాథలందును పెక్కు కలవు. పశ్చిమ దేశముల కథలనగానే పెర్రో 1697లో ప్రకటించిన సంపుటిలోని నిద్రాసుందరి తలపునకు వచ్చుట వాడుక. కాని మంత్రగత్తెను పొయ్యిలోనికి త్రోసి సోదరుని విడిపించిన గ్రెటెల్ (గ్రిమ్ సోదరులు, 1812), మంచురాణి నగరునుండి చెలికానిని తోడితెచ్చిన గెర్డా (ఆండర్సన్, 1844) అచ్చటివారే.

ప్రాచీన గ్రంథములు: గుణాఢ్యుడు పైశాచీ భాషయందు రచించెనని చెప్పబడు బృహత్కథ నేడు లభింపదు. దాని ననుసరించి కాశ్మీర దేశీయుడగు సోమదేవుడు 11వ శతాబ్దమున సూర్యవతీదేవి వినోదార్థము సంస్కృతమున వ్రాసిన కథాసరిత్సాగరమునందు వరరుచి భార్యయగు ఉపకోశ వృత్తాంతము కలదు. భర్త తపస్సునకు హిమవంతమున కేగిన కాలమున తన్ను వేధించిన కుమారసచివుని, పురోహితుని, దండాధిపతిని ఆమె ఒకే రాత్రి వేర్వేరు జాములకు రమ్మని చెప్పి, అభ్యంగనమను నెపమున చీకటిగదిలో నూనెతో కలిపిన మసి వారి యొడలెల్ల పూయించి, ఒక్కొక్కరినే పెద్ద పెట్టెలో బంధించెను. తుదిజామున వచ్చిన హిరణ్యగుప్తుడను వర్తకుడు ఆమె భర్త దాచిన ధనమును కాజేయనెంచినవాడు. ఆ ధనము తనయొద్ద నున్నదని వానిచేత పెట్టె యెదుటనే పలికించి, మరునాడు రాజసభలో వాడు బొంకగా ఆ పెట్టెనే సాక్షిగా నిలిపి మాటాడించెను. ఇంతటి నేర్పుగల నాయిక ప్రపంచ కథావాఙ్మయమున అరుదు. 13వ శతాబ్దపు కేతన దశకుమారచరిత్రము మొదలు 17వ శతాబ్దపు కదిరీపతి శుకసప్తతి వరకు తెలుగు కథాకావ్యములందు చతురలగు స్త్రీలకు కొదువ లేదు.

బాలనాగమ్మ: తెలుగునాట బుర్రకథగా, నాటకముగా, చలనచిత్రముగా ఇంత ప్రచారము పొందిన అద్భుత కథ మరియొకటి కనబడదు. ఏడుగురు అక్కచెల్లెండ్రలో కడగొట్టుదియగు బాలనాగమ్మ, బిడ్డ ఇంకను ఊయలలో నుండగా, భిక్షకు వచ్చిన మాయల మరాఠీ అను మాంత్రికునిచే కుక్కగా మార్చబడి నాగళ్లపూడి గట్టునకు చేరెను. విడిపింపవచ్చిన భర్త కార్యవర్ధిరాజు పరివారముతో కూడ శిలయయ్యెను. మహాసైన్యము చేయలేని పనిని అటుపై ఆమె యొక్కతయే చేసినది: వ్రతదీక్షలో నున్నానని చెప్పి, అది ముగియువరకు తన్ను తాకరాదని మాంత్రికునికి గడువు విధించి, కుమారుడు బాలవర్ధిరాజు ఎదిగి వచ్చువరకు ఏండ్ల తరబడి వానిని నిలువరించెను. ఏడు సముద్రముల కావల చిలుకలో దాగిన మరాఠీ ప్రాణమును తీసినవాడు కుమారుడే యైనను, తీయుటకు తగిన కాలమును సంపాదించినది తల్లి. కథకులు గాథకు కొడుకు పేరు పెట్టక తల్లి పేరు పెట్టుట ఎంతయు సముచితము.

ఈ కథకు అతిసన్నిహితమైన రూపము 1868లోనే ముద్రితమైనది. బొంబాయి గవర్నరు బార్ట్ల్ ఫ్రేర్ కుమార్తె మేరీ ఫ్రేర్, తమ యింటి ఆయా అన్నా లిబరాటా డిసౌజా చెప్పగా వ్రాసికొని ప్రకటించిన 'ఓల్డ్ దక్కన్ డేస్' అను సంపుటిలో పంచ్‌కిన్ అను మాంత్రికుడు, ఏడుగురు అక్కచెల్లెండ్రలో చిన్నది బాల్నా, ఆమె కుమారుడు, పచ్చని చిలుక అందరును కలరు. అందు మాంత్రికుని మంచిమాటలతో లొంగదీసి ప్రాణరహస్యమును రాబట్టినది స్వయముగా బాల్నాయే. ఆ కథ చెప్పినదియు ఒక స్త్రీయే యగుట గమనింపదగినది.

కడప మండలమునందలి సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటక సమాజమువారు బాలనాగమ్మను యంత్రసామగ్రితోను ఇంద్రజాలముతోను ఊరూర ప్రదర్శించిరి. 1942లో జెమినీ సంస్థ చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమున నిర్మించిన చిత్రమున కాంచనమాల నాయికగను, గోవిందరాజుల సుబ్బారావు మరాఠీగను, పుష్పవల్లి మరాఠీ ప్రియురాలగు సంగుగను నటించిరి. కాంచనమాల కన్నులలోని దైన్యమును ధైర్యమును ప్రేక్షకులు చిరకాలము మరువలేదు. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అంజలీదేవి ఆ పాత్రను ధరించెను. 1947 జూలైలో వెలువడిన చందమామ పత్రిక వలన ఇట్టి కథలు పిల్లల చేతికి అచ్చులో అందెను.

అడవిసీమ: భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి మొదలుకొని గోదావరి యిరుగడలను వ్యాపించిన మన్యమునందు కోయల నాయిక గడువు కోరదు, ఆయుధము పట్టును. వేటకేగిన కోయదొరలకు పులులతో ఆడుకొనుచు కనబడిన పసిబిడ్డయే సమ్మక్క యని గాథ. ఆమె పగిడిద్దరాజును పెండ్లాడి సారలమ్మ, నాగులమ్మ, జంపన్నలను కనెను. కరవుకాలమున కప్పము కట్టజాలమన్నందుకు కాకతీయ ప్రతాపరుద్రుని సేన దండెత్తగా భర్త, అల్లుడు గోవిందరాజు, సారలమ్మ కూలిరి. జంపన్న సంపెంగవాగున పడి మరణించుటచే అది జంపన్నవాగైనది. వెన్నుపోటు తగిలిన పిమ్మటను సమ్మక్క శత్రువులకు చిక్కక చిలకలగుట్ట వైపు నడచి అదృశ్యమైనదనియు, వెదకబోయిన వారికి కుంకుమభరిణె మాత్రమే దొరకెననియు చెప్పుదురు.

రెండేండ్ల కొకసారి మాఘపూర్ణిమ వేళ మేడారమున జరుగు జాతరలో బుధవారము కన్నెపల్లినుండి సారలమ్మను, గురువారము చిలకలగుట్టనుండి సమ్మక్కను పూజారులు గద్దెలకు తెచ్చెదరు. సమ్మక్క గుట్ట దిగునప్పుడు పోలీసులు గాలిలోనికి తుపాకులు పేల్చి స్వాగతము పలుకుదురు. ప్రతిమలు లేవు, భక్తులు నిలువెత్తు బెల్లమును బంగారమని సమర్పింతురు. ఈ జాతర 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడినది. ములుగున కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయమును స్థాపించుటకు 2023లో పార్లమెంటు చేసిన శాసనమున దానికి సమ్మక్క, సారక్క (సారలమ్మ)ల పేరే పెట్టబడినది.

గాథాధారణము: కోయలలో డోలి వాయించుచు వంశచరిత్రలు గానము చేయువారు, బొమ్మలు కూర్చిన గుడ్డ పతాకములగు పడిగెలను వేల్పుల పండుగలయందు విప్పి కథ చెప్పుదురు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య కోయ, తెలుగు భాషలు రెంటను సమ్మక్క సారలమ్మల గాథను పాడి 2022లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. ఈ ఉత్తమ గాయకుడు 2024లో దివంగతుడయ్యెను. బాలనాగమ్మ కథకు అచ్చుప్రతులును చలనచిత్రములును ఆధారముగా నిలువగా, ఈ గాథకు ముఖ్యాధారము నేటికిని డోలివారి కంఠమే. వారు పాడునంతటిని ఊరూర విని, పాఠభేదములతో సహా కోయభాషలోనే అచ్చువేయుట తక్షణము జరుగవలసియున్నది.