ఆర్‌వీలో అలారం మోగిందా? ముందు బయటకు.. తర్వాతే ఆరా!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్లారు. ఎల్లోస్టోన్ చూసొద్దామని వాళ్లొక ఆర్‌వీ అద్దెకు తీసుకున్నారు. పడకలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బండి అది. ప్రొపేన్ సిలిండర్, హీటర్, చాలావాటిలో జనరేటర్ కూడా ఉంటాయి. అర్ధరాత్రి అందరూ నిద్రలో ఉండగా గోడకున్న చిన్న పెట్టె కీచుమంటే ఏం చేయాలి?

మోగుతున్నది ఏది?

నేలకు దగ్గరగా ఉంటే అది గ్యాస్ అలారం. ప్రొపేన్ మన వంటగ్యాస్ లాగే గాలి కంటే బరువు. లీకైతే కిందనే పేరుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలితో సమానం కాబట్టి బండి అంతా కలిసిపోతుంది. దాని అలారాన్ని సాధారణంగా పడకల దగ్గర, కాస్త ఎత్తులో పెడతారు. కొన్ని బళ్లలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. అప్పుడు ఏ లైట్ వెలిగిందో చూడాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు సాధారణంగా నాలుగు బీప్‌లు, కాస్త విరామం, మళ్లీ నాలుగు. ఉండుండి ఒక్కసారే కిచ్‌మంటే బ్యాటరీ తగ్గిందనో, పరికరం గడువు ముగిసిందనో అర్థం. పోపు పొగకు మోగేది స్మోక్ అలారం. దాని సంగతి వేరు.

గ్యాస్ అలారమైతే..

స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు. లైటర్ వెలిగించొద్దు. స్టవ్ మండుతుంటే ఆర్పేయండి. అందరినీ దించి, తలుపు తెరిచే ఉంచండి. సిలిండర్ వాల్వు బయట ఉంటుంది కాబట్టి, ప్రమాదం లేదనిపిస్తే దాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పి కట్టేయండి. ఫోన్ చేసేది బండికి దూరంగా వెళ్లాకే. వాసన రాలేదు కదా అని ధీమా పడొద్దు. గ్యాస్‌కు ఆ కుళ్లు వాసన కావాలని కలిపేదే. అయినా జలుబు చేసినవారికి, వయసు మళ్లినవారికి అది తెలియకపోవచ్చు. హెయిర్ స్ప్రే, క్లీనింగ్ ద్రావణాలకూ ఈ అలారం ఒక్కోసారి మోగుతుంది. ఆ సంగతి బయట నిలబడి తేల్చుకోవచ్చు.

కార్బన్ మోనాక్సైడ్ అయితే..

దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లుండటం దీని లక్షణాలు. ప్రయాణ బడలికేలే అనుకొని పడుకుంటారు. చిక్కంతా అక్కడే. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కల్లో, అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండానే ఏటా 400 మందికి పైగా ఈ వాయువుకు బలవుతున్నారు.

అమెరికా ప్రమాణాల ప్రకారం గాలిలో 70 పీపీఎం ఉంటే అలారం గంట నుంచి 4 గంటల్లో, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. అంటే అది మోగేసరికే మీరు ఆ గాలి పీలుస్తున్నట్లు. వెంటనే అందరూ బయటకు రండి. తలలు లెక్కపెట్టుకొని 911కు ఫోన్ చేయండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే ‘తెలుగు’ అని చెప్పి లైన్‌లోనే ఉండండి. చాలా కేంద్రాల్లో దుబాసీని కలుపుతారు.

కరోనా నాటి ఆక్సిమీటర్ సామానులో ఉందా? ఇక్కడ దాన్ని నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ అది ఆక్సిజన్ ఉన్నట్లే చూపిస్తుంది, 98 అని కనిపించవచ్చు. ఆసుపత్రిలో చేసే రక్తపరీక్షే ఆధారం.

కిటికీలు తెరిస్తే అలారం ఆగిపోతుంది. ఆగిందని మళ్లీ పడుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వాయువు ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా లోపలికి వెళ్లొద్దు. ఫైర్ సిబ్బంది మీటర్‌తో కొలిచి చెబుతారు. తప్పు మీ బండిదే కానక్కర్లేదు, పక్క బండి జనరేటర్ పొగ మీ కిటికీలోంచి వచ్చినా చాలు. చలికి స్టవ్ వెలిగించుకొని తలుపులు మూసుకోవడం మరో కారణం. మన దగ్గర బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్లు ప్రాణాలు తీస్తున్నదీ ఈ వాయువుతోనే.

మన దేశంలో క్యారవాన్‌లో వెళ్తున్నా జాగ్రత్తలు ఇవే. ఎల్‌పీజీ లీకేజీకి 1906, అత్యవసర సాయానికి 112.

బండి తీసుకునేటప్పుడు..

తాళాలు అందుకునే ముందు ప్రతి అలారం టెస్ట్ బటన్ నొక్కి చూడండి. వెనక తయారీ తేదీ లేదా మార్చాల్సిన తేదీ ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లకు మార్చాలి. గడువు దాటితే అద్దెకిచ్చినవారితో అక్కడే మార్పించుకోండి. నిద్రకు అడ్డమని ఎవరో ఫ్యూజ్ పీకేసిన బండి మీ చేతికి వచ్చి ఉండొచ్చు. పచ్చలైట్ వెలగకపోతే అడగండి.