తాత కట్టిన క్యాబిన్లు, తమ్ముడు తోలే దోస్త్

మా తాత వడ్రంగి. కృష్ణగిరిలో ఒక షెడ్డులో లారీలకు క్యాబిన్లు, బాడీలు కట్టేవారు. "లారీ అంటే సగం కంపెనీది, సగం మాది" అనేవారు. చిన్నప్పుడు అది గొప్పలు చెప్పుకోవడం అనుకున్నాను. లారీల చరిత్ర చదివినాక అది నిజమే అని తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినాక, 1947లో ఇంగ్లాండులోని లేలాండ్ కంపెనీ కామెట్ అనే డీజిల్ లారీని తెచ్చింది. వాళ్ళ పెద్ద లారీల పేర్లు హిప్పో, ఆక్టోపస్. వాటి పక్కన కామెట్ తేలికైన బండి. 1948లో రఘునందన్ శరణ్ మద్రాసులో అశోక్ మోటార్స్ పెట్టినారు. మొదట అక్కడ ఆస్టిన్ కార్లు బిగించేవారు. 1950లో లేలాండ్‌తో ఒప్పందం అయింది. ఎన్నూరులో బిగించిన మొదటి నాలుగు కామెట్ టిప్పర్లు మంగళూరు పెంకుల ఫ్యాక్టరీకి పోయినాయి. 1955లో కంపెనీ పేరు అశోక్ లేలాండ్‌గా మారింది.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోల్ కన్నా ఖర్చు తక్కువ, నిదానంగా పోయేటప్పుడు కూడా లాగే బలం జాస్తి. కృష్ణగిరి నుంచి హోసూరుకు బరువుతో ఎక్కే బండికి కావలసింది అదే.

అయితే ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఛాసీ మాత్రమే: చక్రాలు, ఇంజను, స్టీరింగు. డ్రైవర్లు తలకు గుడ్డ చుట్టుకొని, ఎండలో గాలిలో కూర్చొని దాన్ని తోలుకొని వచ్చేవారు. కొయ్య చట్రం వేసి, రేకు కొట్టి, తలుపు పెట్టి, రంగు పూసి లారీ చేసేది మా తాతలాంటివాళ్ళు.

1980లో హోసూరులోనే అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ వచ్చింది. కానీ తయారయ్యేవి పెద్ద బండ్లు. మా పక్క రైతుకు ఉండేది నాలుగు మూటల రోజాపూలు, పది బుట్టల టమాటా. అంత సరుకుకు లారీ మాట్లాడితే బాడుగకే సరి. బస్సు టాపు మీద వేసి బెంగళూరు పంపితే పూలు వాడిపోయేవి.

చిన్న డీజిల్ ట్రక్కు కోసం దేశమంతా అప్పుడే తయారీ మొదలైంది. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి నాలుగు సంస్థలు వచ్చినాయి. అందులో ఒకటి మన తెలుగువాళ్ళదే: జహీరాబాదులో అల్విన్ నిస్సాన్. జపాన్ యెన్ విలువ పెరిగి, దిగుమతి భాగాల ధర కూడా పెరిగిపోయింది. ఆ దశకం చివరికి అల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. 1986లో వచ్చిన టాటా 407 మాత్రం నిలబడింది.

1994లో హోసూరు నుంచి కార్గో ట్రక్కులు వచ్చినాయి. యూరప్‌లోని ఫోర్డ్ కార్గో వాటికి మూలం, ఇంజను ఇవెకోది. 7 టన్నుల 709, 9 టన్నుల 909. అశోక్ లేలాండ్‌లో క్యాబిన్ ఫ్యాక్టరీలోనే బిగించి ఇవ్వడం దీనితోనే మొదలు. తాత రోడ్డు పక్కన నిలబడి ఆ క్యాబిన్ తలుపును వేసి, తీసి చూసినారంట. "సందు లేదు, బాగా కట్టినారు" అన్నారంట. ఆ రోజు ఇంటికి వచ్చి భోజనం చేయలేదని అవ్వ చెప్పేది. మెల్లగా అన్ని కంపెనీల బండ్లూ క్యాబిన్‌తోనే రావడం మొదలైంది. షెడ్డులో మిగిలింది వెనక డెక్కు పని ఒక్కటే.

2011లో నిస్సాన్‌తో కలిసి చేసిన దోస్త్ హోసూరు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, 55 హార్స్‌పవర్, 1.25 టన్నుల బరువు మోస్తుంది. జహీరాబాదులో నిలవని నిస్సాన్, 25 ఏళ్ళకు ఇట్ల మా ఊరికి వచ్చింది. 2016లో నిస్సాన్ ఆ భాగస్వామ్యం నుంచి తప్పుకుంది, దోస్త్ మాత్రం ఉంది.

మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు తోలేది దోస్తే. తెల్లారకముందే రోజాపూలు బెంగళూరు మార్కెట్‌కు చేరుస్తాడు. ఒకే మార్పు తాత పనిని తగ్గించింది, మనవడికి అన్నం పెట్టింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ లారీ చరిత్ర రాసేవాళ్ళు ఇంజను పేర్లు రాస్తారు, క్యాబిన్ కట్టిన చేతులను రాయరు. తాత బాడిస మా ఇంట్లో అటక మీద ఉంది. మన ఇంటి పిల్లలకు ఆ సగం కూడా తెలియాలని ఇది రాస్తున్నాను.