ఓబులేసు పారువేట: పాత కథాలోకానికి కొత్త నియమాలు

సంక్రాంతి మర్నాడు కనుమ పండగ వేళకు, నంద్యాల జిల్లా ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల అంచునున్న అహోబిలం నుంచి, జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో కొలువుదీరి పారువేటకు బయలుదేరుతారు. దేవుడు వేటగాడై అడవి దిగి పల్లెపల్లెకూ తిరిగే ఉత్సవమే పారువేట. దాదాపు 40 రోజుల పాటు 30కి పైగా గ్రామాల్లో సాగి, ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల ముందు ముగిసే ఈ యాత్ర మరోసారి సమీపిస్తున్న వేళ, ప్రపంచమంతటా ఆటల అభిమానులు వాదించుకుంటున్న ఒక ప్రశ్నను అహోబిలం వైపు తిప్పి చూడవలసి ఉంది. ఒక తరం ప్రాణంగా ఆడుకున్న కథాలోకాన్ని, తరువాతి తరం నేర్చుకున్న కొత్త నియమాల్లోకి మార్చి మళ్లీ నిలబెట్టాలా, లేక ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలిపెట్టాలా అన్నదే ఆ ప్రశ్న.

ఈ వాదం పుట్టిన చోటు రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలొక పాత్ర ధరించి, పాచికల సాయంతో, ఒక నిర్వాహకుడు చెప్పే కథను కలిసి నడిపించే ఆట. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తరహా ఆటలకు ఆద్యం. కథ నడిచే లోకాన్ని సెట్టింగ్ అంటారు. దేశాలు, దేవతలు, శత్రువులు, చరిత్ర అందులో భాగాలు. నియమాలు కొన్నేళ్లకొకసారి మారుతూ వచ్చాయి గానీ ఆటగాళ్ల మమకారం మాత్రం లోకాలతోనే ముడిపడింది. 2008లో నాలుగో విడత నియమాలు వచ్చినప్పుడు, మారిన మంత్రశక్తికి కారణం చూపడానికి ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే ప్రసిద్ధ లోకం మీదికి ఒక ఘోర విపత్తును రప్పించి, కథాకాలాన్ని సుమారు ఒక శతాబ్దం ముందుకు జరిపారు. ఆ మార్పు చాలామంది అభిమానులను నొప్పించింది. 2014లో ఐదో విడత వచ్చే నాటికి పోయినవాటిలో ఎన్నింటినో తిరిగి తెచ్చారు. బానిసత్వం కథకు మూలాధారంగా ఉన్న డార్క్ సన్ అనే ఎడారి లోకం మాత్రం, 1991లో అంత పేరు తెచ్చుకున్నా, 2014 నాటి నియమాల కింద పూర్తి గ్రంథంగా వెలువడనే లేదు. లోకాన్ని మార్చకుండా నియమాలు మార్చడం ఎంత కష్టమో మొదటి ఉదాహరణ చెబుతుంది. కొన్ని లోకాలను తిరిగి తెరవాలంటే ముందు వాటిలోని మనుషుల సంగతి తేల్చుకోవాలని రెండోది చెబుతుంది.

అహోబిలానికి ఈ రెండు పాఠాలూ వర్తిస్తాయి. ఇక్కడి కథ ఎంత పాతదో ఆధారాలు అక్కడక్కడ మాత్రమే పలుకుతాయి. తిరుమంగై ఆళ్వారు తమిళ పాశురాల్లో ఈ క్షేత్రాన్ని కీర్తించాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన ప్రహ్లాద చరిత్రను నృసింహపురాణంగా తెనిగించాడు. ఆది వన్ శఠకోప యతి స్థాపించిన అహోబిల మఠం క్షేత్రానికి అండగా నిలిచింది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో స్వామిని దర్శించి కానుకలు సమర్పించినట్టు శాసనం ఉంది. 1579 ప్రాంతంలో కుతుబ్‌షాహీ సేనల దాడికి గురైన క్షేత్రం కొన్నేళ్లకే తిరిగి విజయనగర రాజుల అధీనంలోకి వచ్చింది. ఈ శతాబ్దాలన్నింటా శాసనాలు రాజుల గురించి, దానాల గురించి మాట్లాడాయి. అడవిలోని చెంచుల ఊసు మాత్రం వాటిలో అంతగా వినిపించదు.

చెంచుల గొంతు వినిపించేది పెళ్లి కథలో. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తరువాత కూడా కోపం చల్లారక నల్లమలలో తిరుగుతున్న నరసింహుడు చెంచు పిల్లను చూసి మనసుపడ్డాడనీ, ఆమెను పెళ్లాడి చెంచులకు బావ అయ్యాడనీ వారి నమ్మకం. చెంచులక్ష్మి అనే ఆ పిల్ల రాకతో ఉగ్రదైవం ఇంటి అల్లుడయ్యాడు. సీమలో అహోబిలేశుడి పేరు మీదుగా ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి అనే పేర్లు ఇంటింటా వినిపించడం వెనుక ఉన్న చనువు, దేవుణ్ణి వరసపెట్టి పిలుచుకునే ఈ బంధుత్వానిదే. ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, ఈ అడవి కథను అందుకుని 16వ శతాబ్దంలో సంస్కృత నాటకంగా మలిచినవాడు సాక్షాత్తూ అహోబిల మఠానికి ఏడవ జీయరైన శఠకోప యతి. జీయరు అంటే మఠాధిపతి అయిన సన్యాసి. వాసంతికా పరిణయం అనే ఆ నాటకంలో వనకన్య వాసంతిక పేరుతో నాయిక అయింది. చూపులు, విరహం, చెలికత్తెలు, చివరికి కల్యాణం అనే సంస్కృత రూపక మర్యాదలన్నీ కొండకోనల పిల్లకు వర్తించాయి. సన్యాసి అయిన మఠాధిపతి దేవుడి ప్రేమకథను, అదీ చెంచుల పిల్లతో ప్రేమను, పండిత సభలకు యోగ్యమైన నాటకంగా రాయడంలో ఉన్న సాహసాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. నియమాలు పూర్తిగా మారాయి. పెళ్లి మాత్రం మారలేదు, పిల్ల అడవి పిల్లగానే మిగిలింది.

అదే పెళ్లికి పారువేట మరో రకం ఆట. తన కల్యాణానికి, అంటే బ్రహ్మోత్సవాలకు, దేవుడే స్వయంగా గడపగడపకూ వచ్చి పిలుస్తాడని జనం చెబుతారు. ఉత్సవం ఆరంభంలో చెంచులు విల్లంబులు ధరించి వచ్చి, పల్లకి వైపు బాణాలు వదిలి, బావకు మొక్కుతారు. ఊళ్లలో తెలుపు అని పిలిచే గద్దెల మీద పల్లకిని దించుతారు. ఏ ఊరికి స్వామి వస్తే ఆ రోజే ఆ ఊరి పండగ కాబట్టి ఆడపడుచులు పుట్టింటికి చేరుకుంటారు, బంధువులు బండ్లు కట్టుకుని వస్తారు, మొక్కులు తీరుతాయి. పల్లకి మోసేవారు, గద్దె దగ్గర ఎదురుచూసేవారు, బాణం ఎక్కుపెట్టేవారు, హారతి పట్టేవారు అందరూ తమ తమ పాత్రల్లో ఉంటారు; ఎవరూ ప్రేక్షకులు కారు. ఎవరి పాత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఊళ్లన్నింటికీ తెలుసు, దారి ఏదో తెలుసు, కానీ ఏ ఏడాది యాత్రా ముందటి ఏడాదిలా ఉండదు. ఇన్ని ఊళ్లు, ఇన్ని రోజులు, ఇందరు కలిసి ఒక కథలోకి ప్రవేశించే ఇంతటి పెద్ద ఆట ఏ బల్ల మీదా పట్టదు.

జీయరు నాటకం తరువాత కూడా కథ రూపాలు మారుస్తూనే వచ్చింది. గరుడాచలం పేరుతో యక్షగానమైంది, వీథి నాటకాల్లో చెంచులక్ష్మి సవతితో వాదులాడింది. ఆపై సినిమా అందుకుంది: తెలుగు తొలి టాకీయే 1932 నాటి భక్త ప్రహ్లాద. 1943లో వచ్చిన చెంచులక్ష్మిలో కమలా కొట్నీస్, నారాయణరావు నటించగా, 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి అదే జంటగా మళ్లీ తెర మీదికి వచ్చారు. సినిమా నియమం పాటలు కోరింది, కొంత హాస్యం కోరింది, స్టూడియోలో వేసిన అడవి కోరింది. వాటన్నింటి మధ్యా పిల్ల చెంచుదిగానే ఉంది. వెండితెర మీది నల్లమలకు అసలు నల్లమలతో పోలిక తక్కువే అయినా, బంధుత్వం నిలిచింది.

అక్కడితో వరస తెగిపోతుంది. 2025లో విడుదలై తెలుగునాట కూడా విశేషంగా ఆదరణ పొందిన మహావతార్ నరసింహ అనే యానిమేషన్ చిత్రం ప్రహ్లాదుడి భక్తిని, దేవుడి ఉగ్రరూపాన్ని గొప్ప ఊపుతో చూపింది. అయితే సంహారంతో కథ ఆగింది, చెంచులక్ష్మికి చోటు దొరకలేదు. పోరాటం, ఆయుధం, గెలుపు అనే వరసలో నడిచే నేటి వీడియో గేమ్‌కు కూడా గోళ్లతో చీల్చే దేవుడు చేతికందే పాత్ర. అల్లుడై శాంతించే దేవుడు ఆ వరసలో ఇమడడు. మరోవైపు వేటగాళ్లైన చెంచుల జీవితం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మారిపోయింది. వారు వేటాడిన నల్లమల పులుల అభయారణ్యమైంది, విల్లు ఉత్సవానికే పరిమితమవుతూ వచ్చింది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది, రోడ్లు వెడల్పయ్యాయి, పారువేట దృశ్యాలు ఫోన్లలో ఊళ్ల కంటే ముందు తిరుగుతున్నాయి. రాతి విగ్రహాలకు పేరుపొందిన ఆళ్లగడ్డ శిల్పుల పనిలో ఉలి పక్కన కరెంటు కట్టరు చేరింది. శిల్పశాస్త్రం చెప్పిన తాళమానం, అంటే విగ్రహం కొలతలను నిర్ణయించే పద్ధతి, మాత్రం అలాగే ఉంది.

పాత లోకాన్ని కొత్త నియమాల్లోకి తేవడమా వద్దా అన్న ప్రశ్నకు అహోబిలం ఇచ్చే జవాబు, తేవాలనే. జీయరు వద్దనుకుని ఉంటే వాసంతిక ఉండేది కాదు, సినిమా వద్దనుకుని ఉంటే సీమ వెలుపలి తెలుగువారిలో ఎందరికో ఈ కథ చేరేది కాదు. తేవలసిన పద్ధతి విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. పారువేట ఆధారంగా బల్ల మీద ఆడే ఆటను ఎవరైనా తయారుచేస్తే, పాచిక పడే ఘట్టం హిరణ్యకశిపుడి వధ కాకూడదు, ఊరు పల్లకిని ఎలా ఆదరించిందన్నది కావాలి. ఉగ్రం తగ్గించడమే ఆటలో గెలుపు కావాలి. చెంచు పాత్రను అడ్డువచ్చే అడవి మనిషిగానో దారి చూపే సేవకుడిగానో కాక, దేవుణ్ణి నిలదీయగల బావమరిదిగా రాయాలి. ఆ పాత్రకు మాటలు, ఆచారాలు, అలకలు నల్లమల గూడేల పెద్దలు చెప్పి ఒప్పుకున్నవే కావాలి, వచ్చే రాబడిలో వారికి వాటా ఉండాలి. ఆట తెలుగులో, సీమ యాసలో ఉండాలి. మొదటిసారి ఆడవలసిన చోటు హైదరాబాదు కాదు, ఆళ్లగడ్డ. ఆడవలసిన వారు పల్లకి కోసం ఏటా ఎదురుచూసే ఊళ్ల పిల్లలు. కథలో పొరపాటు దొర్లితే ముందుగా పట్టుకోగలిగింది వాళ్లే.