ఐసీయూ డయాలిసిస్‌లో ‘క్లియరెన్స్’ అంటే ఏమిటి?

పొర: కిడ్నీలు పనిచేయక, రక్తపోటు నిలవని రోగికి రోజంతా నెమ్మదిగా, ఆపకుండా చేసే డయాలిసిస్‌ను సీఆర్‌ఆర్‌టీ అంటారు. దాని ఫిల్టర్‌లో వేలాది సన్నని గొట్టాలుంటాయి. వాటి గోడే పొర. మలినాలు దాన్ని దాటేది రెండు దారుల్లో.

విసరణ: గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు పదార్థం తనంత తాను చేరడం. 60 డాల్టన్ల (అణువు బరువుకు కొలమానం) యూరియా, 113 డాల్టన్ల క్రియాటినిన్, అంటే చిన్న అణువులు, ఇలా సులువుగా పోతాయి.

సంవహనం: ఒత్తిడి వల్ల నీరు పొర దాటేటప్పుడు అందులో కరిగినవీ కొట్టుకుపోవడం. దాదాపు 11,800 డాల్టన్ల బీటా-2 మైక్రోగ్లోబులిన్ లాంటి మధ్యస్థ అణువులకు ఈ దారే ముఖ్యం.

జల్లెడ గుణకం: వడకట్టిన నీటిలోని గాఢతను ప్లాస్మాలోని గాఢతతో భాగిస్తే వచ్చేది. 1 అంటే అడ్డు లేదని, 0 అంటే దారే లేదని. అల్బుమిన్‌కు ఇది సున్నాకు దగ్గరగా ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఇది మారని సంఖ్య కాదు. గంటలు గడిచేకొద్దీ పొర మీద ప్రోటీన్ పేరుకుంటుంది, గుణకం పడిపోతుంది.

అధిశోషణం: అణువు పొరను దాటకుండా పొరకే అంటుకోవడం. ఏఎన్69 రకం పొరలకు ఈ గుణం ఎక్కువ. అంటుకునే చోటు నిండితే ఆ మేలు ఆగిపోతుంది.

క్లియరెన్స్: రక్తంలో యూరియా ఎంత తగ్గిందన్నది కాదు. ఇంత సమయంలో ఎంత ప్లాస్మా పూర్తిగా శుభ్రమైనంత మలినం పోయింది అన్నది. లెక్క ఇది: బయటికొచ్చే ద్రవం పరిమాణాన్ని, ఆ ద్రవంలోని యూరియాకూ రక్తంలోని యూరియాకూ ఉన్న నిష్పత్తితో గుణించాలి.

మోతాదు: బయటికొచ్చే ద్రవం లెక్కన కిలో బరువుకు గంటకు 20–25 మిల్లీలీటర్లు రోగికి అందాలని 2012 నాటి కేడిగో (కిడ్నీ వ్యాధుల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు చెప్పాయి. ‘అందాలి’ అన్నారు, ‘రాయాలి’ అనలేదు. 70 కిలోల రోగికి 25 చొప్పున రాస్తే గంటకు 1,750 మిల్లీలీటర్లు. నిష్పత్తి 0.8కి పడిపోతే దక్కేది 1,400, అంటే కిలోకు 20. గడ్డ కట్టడం వల్లో, స్కాన్‌కు తీసుకెళ్లడం వల్లో యంత్రం రోజులో 18 గంటలే తిరిగితే సగటున 15 మాత్రమే.

అలాగని మోతాదు పెంచుకుంటూ పోవడం పరిష్కారం కాదు. 2008 నాటి ఏటీఎన్, 2009 నాటి రీనల్ అనే క్లినికల్ పరీక్షల్లో ఎక్కువ మోతాదు ఇచ్చినందువల్ల బతికినవారి సంఖ్య పెరగలేదు. కేస్‌షీట్‌లో రాసింది ఉద్దేశం మాత్రమే. అందింది ఎంతో రోజూ కొలిచి చూడాలి.