పెండలం వేరు, కర్రపెండలం వేరు

నగరంలో అడిగినా, పెద్దాపురంలో అడిగినా ఏ పెండలమో విడమరచి అడగాలి. పేరు కలిసిందే గాని వంశం కలవలేదు.

పెండలం తీగజాతి. దుంపముక్కే దానికి విత్తనం. ఆసియాఖండంలో అనాదిగా ఉన్న పంట. కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా. దాన్ని పోర్చుగీసువారు మలబారు తీరానికి తెచ్చారు. 1880-85 మధ్య తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు సాగును ప్రోత్సహించారు. 1942లో బర్మా జపాను వశమై బియ్యం రాక ఆగిపోతే, అక్కడి పేదలను ఆదుకున్నది ఈ దుంపే. మన సగ్గుబియ్యమూ దీని పిండే.

దీనికి కాండం ముక్క నాటుతారు. పేరులోని కర్రను అలా గుర్తుంచుకోండి. ఎందుకంటారా? దీని ఆకులోనూ, దుంపలోనూ సైనైడు విషం పుట్టించే పదార్థం ఉంది. పచ్చి ఆకు మేస్తే పశువు చావవచ్చు. దుంప తొక్క తీసి, బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోశాకే తినాలి. పచ్చిది పిల్లల చేతికి ఇవ్వకండి.